ఎడ్వర్డ్ యాబీ: ఎక్కడ మొదలుపెట్టాలి, ఏది వదిలేయాలి

మీరు అడిగినవి మూడు. అమెరికన్ రచయిత ఎడ్వర్డ్ యాబీ ఎడారి మీద రాసిన 'డెజర్ట్ సాలిటేర్' నాలుగో అధ్యాయం దగ్గర ఆగిపోయారు, ముందుకు సాగాలా వద్దా అన్నది ఒకటి. యాబీ నవలల్లో ఏవి చదవదగ్గవి అన్నది రెండోది. ఏప్రిల్‌లో యూటా వెళ్తున్నారు కాబట్టి ఆ పుస్తకంలోని చోట్లు ఇప్పుడెలా ఉన్నాయన్నది మూడోది. మూడింటికీ పనికొచ్చే మాట ముందే చెప్పేస్తాను. యాబీ నేల గురించి రాసింది నమ్మొచ్చు, తన గురించి రాసుకున్నది మాత్రం ఆచితూచి నమ్మాలి. వ్యాసాలను డైరీ అనుకుని, నవలలను ఉత్త కట్టుకథలు అనుకుని చదివితే రెండుచోట్లా విసుగొస్తుంది. వ్యాసాల్లో ఆయన పైకి కనిపించేదానికంటే ఎక్కువ కల్పన చేశాడు. నవలల్లో వాగూ వంతెనా మాత్రం మ్యాపు పెట్టుకుని సరిచూసుకునేంత కచ్చితంగా ఉంటాయి.

యాబీ ఎడారిలో పుట్టినవాడు కాదు. 1927లో పెన్సిల్వేనియాలో, పచ్చటి అప్పలాచియన్ కొండల్లో పుట్టాడు. పదిహేడేళ్లప్పుడు, 1944లో, దారినపోయే బళ్లు ఆపి ఎక్కుతూ పడమటికి వెళ్లి మొదటిసారి ఎడారి చూశాడు. తరవాత సైన్యంలో ఇటలీలో పనిచేసి, న్యూ మెక్సికో యూనివర్సిటీలో ఫిలాసఫీ చదివాడు. ఎం.ఏ. సిద్ధాంత వ్యాసం అరాచకవాదం మీద, హింసను నైతికంగా సమర్థించవచ్చా అన్న ప్రశ్న మీద. ఈ వివరం గుర్తుంచుకోండి, 'ది మంకీ రెంచ్ గ్యాంగ్' నవలకు వేరు అక్కడే ఉంది. 1956, 1957లలో యూటాలో రాతి కమానులున్న ఆర్చెస్‌లో సీజనల్ రేంజర్‌గా, అంటే సీజన్ వరకూ ఆ చోటు చూసుకునే ఉద్యోగిగా, పనిచేశాడు. అప్పటికది నేషనల్ పార్కు కాదు, నేషనల్ మాన్యుమెంట్. పార్కు హోదా 1971లో వచ్చింది.

'డెజర్ట్ సాలిటేర్' అచ్చయింది 1968లో, అంటే ఆ ఉద్యోగం చేసిన పదేళ్ల తరవాత. పుస్తకంలో కథ ఏప్రిల్ ఒకటిన మొదలై సెప్టెంబరు ఆఖరుకు ముగుస్తుంది, ఒకే ఒక్క సీజన్‌లా. నిజానికి వేర్వేరు ఏళ్లలో జరిగినవాటిని ఆ ఆరు నెలల చట్రంలోకి సర్దాడు. ఒంటరిగా, చక్రాల మీది చిన్న ఇల్లు లాంటి ట్రైలర్‌లో గడిపినట్టు రాశాడు గానీ భార్యా పసిబిడ్డా కొంతకాలం అక్కడే ఉన్నారు. పుస్తకంలో వాళ్ల ఊసు లేదు. దీన్ని మోసమని తిట్టినవాళ్లూ ఉన్నారు. నా లెక్కలో అది మోసం కాదు, ఆ 'నేను' ఒక పాత్ర. కోపిష్టి, ఒంటరి, బీరు ప్రియుడు, గవర్నమెంటు జీతం తీసుకుంటూ గవర్నమెంటును తిట్టేవాడు. అలా పాత్రగా చూస్తే ఆ అతిశయోక్తులన్నీ ఎందుకున్నాయో తెలుస్తుంది.

ఇంకా స్పష్టంగా కావాలంటే 'రాక్స్' అనే అధ్యాయం చూడండి. మొదట్లో ఆ ప్రాంతంలో దొరికే రాళ్ల జాబితా, 1950ల్లో యురేనియం కోసం జనం ఎగబడ్డ వెర్రి. తరవాత హస్క్ అనే ఆశపోతు, అతని కొడుకు బిల్లీ-జో, గ్రాహం అనే భాగస్వామి వస్తారు. హత్య, నది, ఎండలో నీళ్లమీద కొట్టుకుపోయే పిల్లవాడు. అది నిఖార్సయిన కథానిక. వ్యాసం మధ్యలో ఏ హెచ్చరికా లేకుండా దూర్చాడు. చాలామంది దాన్ని జరిగిన సంగతే అనుకుని చదువుతారు.

ఇక మీరు ఆగిపోయిన నాలుగో అధ్యాయం, 'క్లిఫ్‌రోజ్ అండ్ బేయొనెట్స్'. అక్కడ చాలామందికి బండి ఆగుతుంది. కారణం మొక్కల పేర్లు. క్లిఫ్‌రోజ్, యక్కా, ప్రిక్లీ పేర్, జూనిపర్ అంటూ పేజీల తరబడి సాగుతుంది. మన చెట్లు కావు, కళ్ల ముందుకు రావు. ఫోన్‌లో ఒక్కో మొక్క ఫోటో ఒక్కసారి చూసుకోండి, పది నిమిషాల పని. అది చేశాక యక్కా పువ్వు పేరా మళ్లీ చదవండి. తెల్లటి చిన్న మాత్ పురుగు ఒక పువ్వులో పుప్పొడి పోగుచేసి ఉండకడుతుంది, ఇంకో పువ్వుకు మోసుకెళ్తుంది, అక్కడ అండాశయంలో గుడ్లు పెట్టి ఆ పుప్పొడిని కీలాగ్రంలో కూరుతుంది. పుట్టిన పిల్లపురుగులు కొన్ని గింజలు తిని, మిగతావి మొక్కకే వదిలేస్తాయి. పురుగు లేకపోతే యక్కాకు గింజ లేదు, యక్కా లేకపోతే పురుగుకు పిల్లలు లేవు. యాబీ దీన్ని నీతికథలా చెప్పడు, ఒక వ్యాపార ఒప్పందం చెప్పినట్టు చెప్పి వదిలేస్తాడు.

అదే అధ్యాయంలో కుందేలు ఘట్టం ఉంది. చేతిలో ఆయుధం లేకుండా ఈ నేలమీద బతకగలనా అని పరీక్షించుకోవడానికి ఒక రాయి తీసుకుని కుందేలు మీదికి విసురుతాడు. తగులుతుంది, చస్తుంది. ఒక్క క్షణం నివ్వెరపోతాడు, ఆ తరవాత పశ్చాత్తాపం బదులు ఉత్సాహం పొంగుకొస్తుంది. కుందేల్ని తినడు కూడా, రాబందులకు వదిలేసి నడుచుకుంటూ పోతాడు. జంతుప్రేమికులు ఇక్కడే పుస్తకం మూసేస్తారు. మూయకండి. అడవిని గుడిలా చూసే రచయిత కాదని చెప్పడానికే దాన్ని మొక్కల వర్ణన పక్కన పెట్టాడు. ప్రకృతి గురించి రాస్తూ ఇంత చేదు పదార్థాన్ని వంటలోంచి ఏరేయకుండా ఉంచిన రచయితలు తక్కువ.

అయినా వరసగా చదవడం మీకు పడకపోతే బలవంతమేం లేదు. పద్దెనిమిది అధ్యాయాల్లో చాలావరకు విడివిడిగా చదవగలిగినవే. నేనిచ్చే వరస ఇది. మొదట 'వాటర్'. ఎడారిలో నీళ్లెక్కడ దొరుకుతాయి, కాటన్‌వుడ్ చెట్టు కనిపిస్తే దాని అర్థమేమిటి, ఊబి ఇసుక ఎలా ఉంటుంది, ఎక్కడో కొండమీద వాన పడితే ఇక్కడ ఎండలో నిలబడ్డవాడి మీదికి వరద ఎలా వస్తుంది, అన్నీ ఉన్నాయి. చుట్టూ పురుగూ పుట్రా, జంతువుల జాడా లేని నీటి ఊట కనిపిస్తే తాగొద్దంటాడు, ఆర్సెనిక్ లాంటి విషం ఉండొచ్చని. ఎడారిలో నీటి కొరత లేనే లేదు, ఊరు కట్టకూడని చోట ఊరు కడితేనే కొరత అన్న వాదన కూడా ఇందులోదే. లాస్ వేగస్, ఫీనిక్స్ చూసినవాళ్లకు ఆ వాక్యం చురుక్కున తగులుతుంది.

రెండోది 'ది సర్పెంట్స్ ఆఫ్ ప్యారడైజ్'. ట్రైలర్ మెట్టు కింద త్రాచులాంటి విషప్పాము, రాటిల్‌స్నేక్, కాపురం పెడుతుంది. వాటిని తరమడానికి ఆయన విషంలేని గోఫర్ స్నేక్‌ను పట్టి తెచ్చి ట్రైలర్‌లో పెంచుతాడు, చొక్కా లోపల నడుముకు చుట్టుకుని తిరుగుతాడు. తరవాత రెండు గోఫర్ పాములు పెనవేసుకుని ఆడుతుంటే నేలమీద పాక్కుంటూ వాటి దగ్గరికి వెళ్తాడు. మూడోది 'హవాసు'. గ్రాండ్ కేన్యన్‌లోని హవాసు లోయలో ముప్పయ్యయిదు రోజులు ఉన్న వృత్తాంతం. పక్క లోయలో దిగితే మళ్లీ పైకి ఎక్కలేని చోట చిక్కుకుంటాడు. కొండల్లో తిరిగేవాళ్లు చేసే అసలు పొరపాటు అక్కడ అక్షరాలా కనిపిస్తుంది. నున్నటి రాతి మీంచి జారి దిగడం తేలిక, అదే రాతి మీద తిరిగి ఎక్కడానికి పట్టు దొరకదు. ఒకసారి దిగాక రెండో మెట్టు కూడా దిగక తప్పదు, మూడోదాని దగ్గర నిజమైన గొయ్యి ఎదురవుతుంది.

ఆ తరవాత 'ది డెడ్ మ్యాన్ ఎట్ గ్రాండ్‌వ్యూ పాయింట్'. తప్పిపోయిన ముసలాయన కోసం వెతుకులాట, చివరికి జూనిపర్ చెట్టు కింద శవం. చావు మీద ఆయన వైఖరి చాలామందికి మింగుడుపడదు. అంత మంచి చోట పోవడం ఆ మనిషి అదృష్టమేనన్న ధోరణి. ఒప్పుకోకపోయినా చదవండి.

ఇవి నాలుగూ అయ్యాక మొదటికి వచ్చి ఒకటి నుంచి చదివితే నాలుగో అధ్యాయం మిమ్మల్ని ఆపదు. రెండో అధ్యాయంలో ఒక చిన్న చోటు మాత్రం నెమ్మదిగా చదవండి. రాత్రి నడకలో టార్చి ఎందుకు వేయడో చెబుతాడు. వేస్తే ముందున్న ఆ చిన్న వెలుగు చక్రం తప్ప మిగతా రాత్రంతా కంటికి లేకుండా పోతుందని. తరవాత ట్రైలర్‌కు వచ్చి జెనరేటర్ ఆన్ చేస్తాడు. మోత, లైటు, నాలుగు గోడలు, బయట ప్రపంచం తెగిపోతుంది. ఉత్తరం రాసుకోవడం అయ్యాక ఆపేస్తాడు, నిశ్శబ్దం మెల్లగా తిరిగొస్తుంది. యంత్రాల మీద ఆయన వాదన మొత్తం ఆ ఒకటిన్నర పేజీలో ఉంది. తరవాతి పుస్తకాలన్నీ దాన్ని గొంతు పెంచి చెప్పినవే.

గొంతు పెంచడం ఐదో అధ్యాయంలోనే మొదలవుతుంది. పార్కుల్లో తారు రోడ్లు వేసి కార్లను లోపలికి తోలడాన్ని ఆయన 'పారిశ్రామిక పర్యాటకం' అని తిట్టిపోశాడు. ఆయన కోరింది సూటిగా ఉంది. పార్కుల్లోకి ప్రైవేటు కార్లు వద్దు, నడక, సైకిళ్లు, గుర్రాలు చాలు, అవి చేతకానివాళ్లకు షటిల్ బస్సులు. కొత్త రోడ్లు వద్దు. రేంజర్లు టికెట్లు చింపడం మాని జనాన్ని వెంటబెట్టుకుని నడిపించాలి. 1968లో ఇది పిచ్చి మాటలా ఉండి ఉంటుంది. 2000లో జయన్ పార్కు ప్రధాన లోయలో రద్దీ నెలల్లో కార్లు ఆపి షటిల్ బస్సులు పెట్టారు. ఆర్చెస్‌లో 2021లో సందర్శకులు 18 లక్షలు దాటారు, మరుసటి ఏడాది రద్దీ నెలలకు ముందుగా సమయం బుక్ చేసుకునే పద్ధతి మొదలుపెట్టారు. ఆ అధ్యాయం చివర్లో సర్వేయర్లు వచ్చి రోడ్డుకు గుర్తులు పాతి వెళ్తారు, యాబీ రాత్రిపూట వెళ్లి ఆ కొయ్యలు పీకేస్తాడు. ఏడేళ్ల తరవాత వచ్చిన నవలకు విత్తనం ఆ కొయ్యలే.

'డౌన్ ద రివర్' అధ్యాయానికి మనవాళ్లకు ఒక అడ్డంకి ఉంది, అది ఎవరూ చెప్పరు. గ్లెన్ కేన్యన్ ఆనకట్ట కట్టి లోయ ముంచేయకముందు, 1959లో, రాల్ఫ్ న్యూకోంబ్ అనే స్నేహితుడితో చవక రబ్బరు పడవల్లో కొలరాడో నది మీద వెళ్లిన ప్రయాణం అది. లైఫ్ జాకెట్లు మర్చిపోయారు. దారి చూసుకోవడానికి పెట్రోలు బంకులో ఇచ్చే టెక్సాకో రోడ్డు మ్యాపు ఒక్కటే దిక్కు. ఆ అధ్యాయమంతా ఆనకట్ట మీద పగ. మనకేమో ఆనకట్ట అంటే కాలువ, కాలువంటే వరి. నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన 1955 డిసెంబరులో, గ్లెన్ కేన్యన్‌లో మొదటి పేలుడు 1956 అక్టోబరులో. పది నెలల తేడా. ఇక్కడ నాగార్జునకొండ చుట్టూ లోయ మునిగేలోపు బౌద్ధ శిథిలాలు తవ్వి తీశారు. అక్కడ కూడా మునిగేలోపు పురావస్తు తవ్వకాలు జరిగాయి. ఇన్ని పోలికలున్నాయి కాబట్టి సాగర్ కళ్లతో చదివితే ఈయనెవరో రైతు వ్యతిరేకి అనిపిస్తాడు.

తేడా ఏమిటంటే, గ్లెన్ కేన్యన్ ఆనకట్ట ప్రధానంగా పొలాలకు నీళ్లిచ్చేందుకు కట్టింది కాదు. కొలరాడో నీళ్లు పంచుకునే రాష్ట్రాల 1922 ఒప్పందం ప్రకారం ఎగువ రాష్ట్రాలు ఆనకట్టకు దిగువనున్న లీస్ ఫెర్రీ దగ్గర పదేళ్లకు ఏడున్నర కోట్ల ఎకరా అడుగుల (ఎకరం నేల మీద అడుగు లోతు నిలిచే నీళ్లు ఒక ఎకరా అడుగు) నీళ్లు కిందికి వదలాలి. కరువు ఏళ్లలో కూడా ఆ లెక్క తప్పకుండా ఉండేందుకు పైన ఒక బ్యాంకు ఖాతాలాంటి చెరువు కావలసి వచ్చింది. దాంతోపాటు కరెంటు. ఎడారి ఎండకు ఆవిరైపోయేదీ, ఇసుకరాతిలోకి ఇంకిపోయేదీ తక్కువేం కాదు. ఇంకో చేదు సంగతి, డైనోసార్ నేషనల్ మాన్యుమెంట్‌లో ఎకో పార్క్ దగ్గర కట్టాలనుకున్న ఆనకట్టను సియెరా క్లబ్ అనే ప్రకృతి పరిరక్షణ సంఘం వాళ్లు పోరాడి ఆపించారు. ఆ బేరంలో గ్లెన్ కేన్యన్‌కు అడ్డు చెప్పలేదు. అక్కడ ఏముందో అప్పటికి వాళ్లలో చూసినవాళ్లే తక్కువ. గేట్లు 1963 మార్చిలో మూశారు, జలాశయం మొదటిసారి పూర్తిగా నిండింది 1980లో. యాబీ కోపం ఆ బేరం మీద కూడా.

నవలలకు వద్దాం. మొట్టమొదటిది 'జొనాథన్ ట్రాయ్', 1954. దాని జోలికి పోకండి, ఆయనే దాన్ని సొంత బిడ్డ అని ఒప్పుకోలేదు. రెండోది 'ది బ్రేవ్ కౌబాయ్', 1956. జాక్ బర్న్స్ అనే కౌబాయ్ గుర్రం మీద నగరంలోకి వచ్చి, జైల్లో ఉన్న స్నేహితుణ్ణి తప్పించడానికి కావాలని గొడవపడి తానూ జైలుకెళ్తాడు. స్నేహితుడు రానంటాడు. బర్న్స్ ఒక్కడే తప్పించుకుని ఆల్బకర్కీ పక్కనున్న శాండియా కొండలెక్కుతాడు, వెనక షెరిఫ్, హెలికాప్టర్. దీన్ని 1962లో కర్క్ డగ్లస్‌తో సినిమా తీశారు. సినిమా చూసి నవల చదివినట్టే అనుకోకండి. నవలలో స్నేహితుడు జైలుకు పోయింది సైన్యంలో నిర్బంధ భర్తీకి లొంగనందుకు, సినిమాలో దాన్ని సరిహద్దు దాటొచ్చినవాళ్లకు సాయం చేసినందుకు అని మార్చారు. ఆ మార్పుతో కథలోని రాజకీయం మరోలా అయిపోయింది.

మీకు నేను మొదట ఇచ్చేది ఈ రెండూ కాదు, 'ఫైర్ ఆన్ ద మౌంటెన్', 1962. చిన్న నవల, రెండు సాయంత్రాల పని. చెప్పేవాడు పన్నెండేళ్ల కుర్రాడు బిల్లీ. వేసవి సెలవులకు న్యూ మెక్సికోలో తాతయ్య పశువుల రాంచ్‌కు వస్తాడు. మిస్సైల్ పరీక్షల మైదానం పెంచడానికి ప్రభుత్వం ఆ భూమి అడుగుతుంది. చుట్టుపక్కలవాళ్లు డబ్బు తీసుకుని ఖాళీచేస్తారు, తాత జాన్ వోగెలిన్ కదలనంటాడు. నిజంగా 1950ల్లో వైట్ శాండ్స్ దగ్గర జాన్ ప్రేథర్ అనే రాంచర్ ఇలాగే మొండికేశాడు, నవలకు ఆధారం అదే. భూసేకరణ నోటీసు, నష్టపరిహారం, కోర్టు ఆర్డరు, అధికారి మర్యాదగా మాట్లాడుతూనే ఇల్లు ఖాళీ చేయించడం, ఇవేవీ మన పాఠకుడికి విడమరచి చెప్పనక్కర్లేదు. పైగా కుర్రాడి కళ్లతో చెప్పడం వల్ల యాబీకి ఉపన్యాసం ఇచ్చే అవకాశం దొరకలేదు. అందుకే శిల్పంలో ఇది ఆయన నవలల్లో శుభ్రమైనది అంటాను.

'బ్లాక్ సన్', 1971, అడవి మంటల కోసం కావలి కాసే టవర్ మీద ఉద్యోగం చేసే ఒంటరి మనిషి ప్రేమకథ. గ్రాండ్ కేన్యన్ ఉత్తర అంచున యాబీ స్వయంగా ఆ పని చేశాడు, టవర్ మీంచి కనిపించే అడవి వర్ణన బావుంటుంది. అమ్మాయి పాత్ర మాత్రం మగవాడి కలలోంచి ఊడిపడినట్టుంటుంది. 'గుడ్ న్యూస్' వదిలేయొచ్చు.

'ది మంకీ రెంచ్ గ్యాంగ్', 1975. గట్టిగా పేరొచ్చింది దీనికే. నలుగురు. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన హేడ్యూక్, ముగ్గురు భార్యలున్న పడవ గైడు సెల్డమ్ సీన్ స్మిత్, ఆల్బకర్కీ సర్జన్ డాక్ సార్విస్, అతని సహచరి బానీ ఆబ్‌జగ్. రోడ్లు, గనులు, వంతెనలు కట్టే యంత్రాలను పాడుచేస్తూ తిరుగుతారు. మనుషులకు హాని చేయకూడదన్నది వాళ్ల నియమం. అంతిమ కల గ్లెన్ కేన్యన్ ఆనకట్టను లేపేయడం. దీన్ని విప్లవ సాహిత్యంలా మొహం గంభీరంగా పెట్టుకుని చదివితే తేలిపోతుంది. ఇది అల్లరి నవల, కార్టూన్ వేగంతో నడుస్తుంది. హేడ్యూక్ రోడ్డు దూరాన్ని మైళ్లలో కాదు, తాగిన బీరు ప్యాకుల్లో కొలుస్తాడు. ఖాళీ డబ్బాలు రోడ్డు మీదే పారేస్తాడు. యాబీ కూడా అలా పారేసేవాడు. డబ్బా అసహ్యం కాదు, రోడ్డే అసహ్యం అని వాదించాడు. ఈ వాదన వినడానికి గమ్మత్తుగా ఉంటుంది, నిలబడదు.

పాత్రలు రేకు బొమ్మలే, నేల మాత్రం గట్టిది. పక్కన ఆగ్నేయ యూటా మ్యాపు తెరిచిపెట్టుకోండి. కోంబ్ వాష్‌లో రోడ్డు పని దగ్గర మొదలై హైట్ వంతెనలు, నేచురల్ బ్రిడ్జెస్ మీదుగా మేజ్ అనే లోయల చిక్కుదారుల్లో ముగిసే తరుముడులో ప్రతి మలుపూ మ్యాపులో దొరుకుతుంది. వాష్ అంటే వానొస్తేనే పారే ఇసుక వాగు, మీసా అంటే పైన బల్లపరుపుగా చుట్టూ నిట్టనిలువుగా తెగిన గుట్ట, స్లిక్‌రాక్ అంటే మట్టీ గడ్డీ లేకుండా బోసిగా పరుచుకున్న ఇసుకరాయి. ఈ మూడూ కళ్లకు కడితే వెంటాడేవాళ్ల జీపులు ఎక్కడ ఎందుకు ఆగిపోతున్నాయో అర్థమవుతుంది. వాళ్లు కన్నేసిన బ్లాక్ మీసా బొగ్గు రైలు నిజంగానే ఉండేది, పేజ్ దగ్గరి నవాహో థర్మల్ కేంద్రానికి బొగ్గు మోసేది. ఆ కేంద్రం 2019లో మూతపడింది, 2020 డిసెంబరులో దాని మూడు పొగగొట్టాలనూ కూల్చారు. గ్యాంగు వల్ల కాదు, చవకైన సహజవాయువు వల్ల.

పుస్తకం బయట కూడా దీని ప్రభావం ఉంది. 1981 మార్చిలో 'ఎర్త్ ఫస్ట్!' అనే బృందం గ్లెన్ కేన్యన్ ఆనకట్ట ముఖం మీద 300 అడుగుల నల్ల ప్లాస్టిక్ షీటు వేలాడదీసింది, దూరానికి ఆనకట్ట పగిలినట్టు కనిపించేలా. యాబీ అక్కడికి వచ్చి మాట్లాడాడు. దీనికి కొనసాగింపుగా వచ్చిన 'హేడ్యూక్ లివ్స్!' ఆయన పోయాక 1990లో అచ్చయింది. మొదటిదాని మీద ప్రేమ ఉంటే తప్ప అక్కర్లేదు. చివరి పెద్ద నవల 'ది ఫూల్స్ ప్రోగ్రెస్', 1988, చావు దగ్గరపడ్డ మనిషి ముసలి కుక్కను వెంటేసుకుని పాత ట్రక్కులో ఆరిజోనా నుంచి పుట్టిన కొండలకు తిరిగెళ్లే కథ. లావు పుస్తకం, అక్కడక్కడ సాగదీత, కానీ ఇంటి గురించిన పేజీల్లో ఆయన ఇంకెక్కడా లేనంత మెత్తగా ఉంటాడు. మిగతావి చదివాక దీనికి రండి.

ఆయనతో ఉన్న ఇబ్బందులు కూడా ముందే తెలియాలి, లేకపోతే మధ్యలో దెబ్బ తగులుతుంది. స్త్రీల గురించి రాసిన తీరు చాలాచోట్ల చవకబారు. 'డెజర్ట్ సాలిటేర్'లోనే అక్కడి ఆదివాసులైన నవాహోల జనాభా, పేదరికం గురించిన పేజీల్లో సానుభూతితో పాటు పైనుంచి కిందికి చూసే చూపు ఉంది. 1980ల్లో మెక్సికో నుంచి వలసల మీద రాసిన వ్యాసంలో సంస్కృతి పేరుతో వాడిన మాటలు మర్యాద దాటాయి. అది 'వన్ లైఫ్ ఎట్ ఎ టైమ్, ప్లీజ్' సంపుటిలో ఉంది. అమెరికాలో వీసా మీద ఉన్న తెలుగువాడు దాన్ని చదివితే ఒళ్లు మండక మానదు, మండాలి కూడా. ఒంటరి మగవాడి ఎడారి అన్న ఆ చిత్రాన్నే నిలదీస్తూ యూటా రచయిత్రి ఎయ్‌మీ ఇర్విన్ 2018లో 'డెజర్ట్ కాబాల్' రాసింది. పలచటి పుస్తకం. 'డెజర్ట్ సాలిటేర్' ముగించిన వారంలోనే చదివితే రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి.

వ్యాస సంపుటాల్లో తరవాత తీసుకోవలసింది 'ది జర్నీ హోమ్', 1977. ఆ తరవాత 'డౌన్ ద రివర్', 1982. పైన చెప్పిన అధ్యాయం పేరూ ఇదే, తికమక పడకండి, ఇది వేరే పుస్తకం. ఇందులో మొదటి వ్యాసం 1980 నవంబరులో, అమెరికా ఎన్నికల రోజుల్లో, గ్రీన్ నది మీద పడవలో పందొమ్మిదో శతాబ్దపు ప్రకృతి రచయిత థోరో పుస్తకం చదువుకుంటూ సాగిన ప్రయాణం. యాబీని 'పశ్చిమ అమెరికా థోరో' అనడం మామూలే. ఆయన థోరోతో ఎంత పోట్లాడాడో ఇక్కడ చూడొచ్చు.

ఇక మీ ప్రయాణం. ఏప్రిల్ మంచి నెలే, పగలు హాయిగా ఉంటుంది, రాత్రి చలి గట్టిగా ఉంటుంది. పుస్తకం మొదలయ్యేది కూడా ఏప్రిల్ చలిగాలిలోనే. ఆర్చెస్ గేటు మోయాబ్ ఊరికి ఐదు మైళ్ల ఉత్తరాన ఉంది. యాబీ ట్రైలర్ బ్యాలెన్స్‌డ్ రాక్ దగ్గర, విల్లో ఫ్లాట్స్ మట్టిదారి వైపు ఉండేది. ఇప్పుడక్కడ ట్రైలర్ లేదు, కానీ ఆ 128 అడుగుల రాయి పక్కన నిలబడి తూర్పుకు చూస్తే పుస్తకం మొదటి పేజీల్లోని లా సాల్ మంచుకొండలు అలాగే ఉంటాయి. వాటిలో ఒకటి టుకునికివాట్జ్, 12,482 అడుగులు, ఆ పేరుతో ఒక అధ్యాయమే ఉంది. ఆయన రాసిన మట్టిరోడ్డు మాత్రం లేదు, 1958లోనే తారు రోడ్డు వచ్చేసింది.

డెలికేట్ ఆర్చ్ నడక రానూపోనూ మూడు మైళ్లు, 480 అడుగుల ఎక్కుడు, దారిలో నీడ ఉండదు. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల నీళ్ల లెక్కన మోసుకెళ్లండి. ల్యాండ్‌స్కేప్ ఆర్చ్ దగ్గర మధ్య భాగం ఎంత సన్నగా ఉందో చూడండి. 306 అడుగుల పొడవైన ఆ కమాను కిందినుంచి 1991లో 60 అడుగుల పెచ్చు ఊడిపడింది, అప్పట్నుంచి దాని కిందికి ఎవరినీ పోనివ్వరు. యాబీ రోజుల్లో కమాను నిండుగా ఉండేది.

దారి వదిలి నడవమని ఆయన పుస్తకం ముందుమాటలో రెచ్చగొడతాడు. కారు దిగండి, రాళ్ల మీదా ముళ్లలోనూ పాకండి, ఒంటి నెత్తురు దారి పొడవునా అంటితే అప్పుడేమైనా కనిపించొచ్చు అని. ఆ ఒక్క సలహా పాటించొద్దు. అక్కడ నేలమీద నల్లగా, గరుకుగా కనిపించే పొర మట్టి కాదు, సైనోబాక్టీరియా, నాచు, లైకెన్ కలిసి కట్టిన సజీవమైన పెచ్చు. ఇసుక ఎగిరిపోకుండా పట్టి ఉంచేది అదే. ఒక్క అడుగు వేస్తే చితికిపోతుంది, తిరిగి కట్టడానికి పదుల ఏళ్లు పడుతుంది. నున్నటి రాతి మీదా, వాగు ఇసుకలోనూ నడిస్తే నష్టం లేదు.

గ్రాండ్‌వ్యూ పాయింట్ ఇప్పుడు కేన్యన్‌లాండ్స్ పార్కులో ఉంది, తారు రోడ్డు చివరిదాకా కారు వెళ్తుంది. శవం దొరికిన అధ్యాయం అక్కడ అంచున కూర్చుని మళ్లీ చదవొచ్చు. మేజ్‌కు మాత్రం అద్దె కారుతో ప్రయత్నించకండి. హాన్స్ ఫ్లాట్ రేంజర్ స్టేషన్‌కే హైవే నుంచి 46 మైళ్ల మట్టిదారి, అక్కణ్ణుంచి ముందుకు ఎత్తైన ఫోర్-వీల్ డ్రైవ్ బండీ, దాన్ని నడిపిన అనుభవమూ కావాలి. టో ట్రక్కు పిలిస్తే బిల్లు వెయ్యి డాలర్లు దాటుతుందని పార్కు వాళ్లే హెచ్చరిస్తారు. గ్లెన్ కేన్యన్ చూడాలనుకుంటే ఆరిజోనా వైపు పేజ్ ఊరికి వెళ్లాలి. ఆనకట్ట పక్కన వంతెన మీద నడవొచ్చు, నవల తెరలేచేది ఆ వంతెన మీదే. జలాశయం నిండు మట్టం 3,700 అడుగులు, 2023 వసంతంలో అది దాదాపు 3,520కి పడిపోయింది. గోడల మీద తెల్లటి ఖనిజపు చార ఆ తేడాను చూపిస్తుంది. నీళ్లు తగ్గినప్పుడల్లా యాబీ 1959లో చూసిన పక్కలోయలు కొన్ని బురదలోంచి మళ్లీ బయటపడుతున్నాయి, వాటిలో కాటన్‌వుడ్ మొలకలు కూడా లేస్తున్నాయి.